నాలుగు సెకన్ల పాప

ఆ టీవీ స్టేషన్లో అందరికీ పై అంతస్తుల్లో గాజు తలుపుల గదులుంటే, టేపులమ్మకి మాత్రం నేల కింద ఒక గది ఉండేది. కిటికీ లేని గది. గోడ నుంచి గోడ దాకా ఇనప అరలు, వాటి నిండా టేపులు. మధ్యలో ఒక కుర్చీ, ఎదురుగా పాత ప్లేయరు, దాని పక్కన లావుపాటి మానిటరు. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేది గానీ ఎవరికీ నోరు తిరిగేది కాదు. "టేపులమ్మని అడగండి" అంటే చాలు, ఏ మంత్రి ఏ ఏడు ఏ రంగు చొక్కా వేసుకుని ఏడ్చాడో నిమిషంలో తీసి చేతిలో పెట్టేది.

ఒంటరి మనిషి. తల్లి పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. అందుకని ఆదివారాలు కూడా పనికి వచ్చేసేది. అదేమిటని అడిగితే, టేపులకి కాస్త మనిషి అలికిడి ఉండాలి కదా అని నవ్వేసేది.

ఏడాదికోసారి మాత్రం ఆమె కోసం ఒక మనిషి ఆ మెట్లు దిగి వచ్చేది. చుట్టం కాదు, పక్కం కాదు. కానీ ఆ వచ్చే మనిషి మొహం తెలియనివాళ్ళు దేశంలో లేరు.

పాతికేళ్ళ కిందట నది దాటుతున్న లాంచీ ఒకటి ఒడ్డుకి కూతవేటు దూరంలో తిరగబడింది. నూట నలభై మంది పోయారు. వాళ్ళలో ఒక్కరి మొహమూ దేశానికి గుర్తులేదు. గుర్తున్నది నాలుగు సెకన్లు. నడుం లోతు నీళ్ళలోంచి సహాయక దళం మనిషి ఒకడు, పసుపు గౌను పాపని భుజాన వేసుకుని కెమెరాకేసి నడిచి వస్తాడు. పాపకి ఆరేళ్ళుంటాయి. రెండు జడలు, అందులో ఒకటి విడిపోయి ఉంటుంది. అతని భుజం మీంచి వెనక్కి, నది వైపు చెయ్యి చాపి ఉంటుంది. అంతే. పోయినవాళ్ళకి ఆ పాప వీడ్కోలు చెబుతోందని ఆ సాయంత్రం వార్తల్లో ఎవరో అన్నారు. ఆ మాట అలాగే నిలిచిపోయింది. ఆ బొమ్మ తపాలా బిళ్ళ మీదికెక్కింది, మూడో తరగతి వాచకంలోకెక్కింది, గోడల మీద పది అడుగుల ఎత్తున నిలబడింది. అంత మందిని ఆ లాంచీ ఎక్కించింది ఎవరని అడిగేవాళ్ళు తగ్గారు. బొమ్మ చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు పెరిగారు.

ఆ పాపకిప్పుడు ముప్ఫై ఒకటి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని. ఆ ప్రమాదంలో తల్లి పోయింది. ఏటా ఆ తేదీన స్టూడియోకి పిలిచి, మొహానికి రంగు పూసి, లైట్ల కింద కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగేవాళ్ళు. అదయ్యాక ఆమె రంగు తుడుచుకుంటూ కింది గదికి వచ్చేది. టేపులమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసేది. అంత వయసొచ్చినా "పాపా" అనే పిలిచేది.

"నాకు నీళ్ళు గుర్తులేవు పెద్దమ్మా," అందొకసారి. "ఆ రోజు తలుచుకుంటే నన్ను నేను బయటినుంచి చూస్తున్నట్టుంటుంది. టీవీలో ఉన్నట్టే. నాదంటూ ఏమీ మిగల్లేదు."

వెళ్ళేముందు ప్రతి ఏడూ ఒక్కటే అడిగేది. అసలు టేపులో మా అమ్మ కనబడుతుందా అని. లేదమ్మా, ఉన్నదే నాలుగు సెకన్లు అని టేపులమ్మ ప్రతి ఏడూ చెప్పేది.

అది అబద్ధం.

ఆ రోజుల్లో ఆమె పైన ఎడిటింగ్ గదిలో పనిచేసేది. కెమెరా ఆయన నది నుంచి తడిబట్టలతోనే వచ్చి టేపు ఆమె చేతిలో పెట్టాడు. ఆ నడక అందులో రెండుసార్లు ఉంది. మొదటిసారి ఎవరో అడ్డం వచ్చారు, వెలుతురు కుదరలేదు. అప్పుడు కెమెరా వెనకనుంచి ఆయన గొంతే వినబడుతుంది... "మళ్ళీ ఒక్కసారి రండి." భుజాన పాపతో ఆ మనిషి తెల్లబోయి ఒక క్షణం నిలబడి, వెనక్కి తిరిగి నీళ్ళలోకి వెళతాడు. దూరంగా తాడు పట్టుకుని, పీకల్లోతు నీళ్ళలో ఒక ఆడమనిషి ఆ పాపకేసి చెయ్యి చాపి ఉంటుంది. బతికే ఉంటుంది. తర్వాత బొమ్మ పోయి కాసేపు చుక్కలు. ఆ తర్వాత అందరికీ తెలిసిన నాలుగు సెకన్లు. వాటి వెనకాల తాడు ఉంటుంది. తాడు మీద ఎవరూ ఉండరు.

ఆ మాట బయటికి వినపడితే నేను బతకలేనని కెమెరా ఆయన ఆమె కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు. ఆమె నాలుగు సెకన్లు మాత్రం వేరే టేపులోకి ఎక్కించి ఇచ్చి, అసలు టేపు మీద ఏదో క్రికెట్ మ్యాచి పేరు రాసి దాచేసింది. కొన్నాళ్ళకి తనే అడిగి కింది గదికి మారింది. కెమెరా ఆయన పోయి ఏడేళ్ళయింది. పతకం అందుకున్న ఆ సహాయక దళం మనిషి అంతకుముందే పోయాడు. ఇంక ఆ మాట తెలిసింది ఆమె ఒక్కత్తికే.

ఈ ఏడు స్టేషను కొత్త భవనంలోకి మారుతోంది. టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, అసలువాటిని లారీలో తుక్కుకి పంపెయ్యమన్నారు. ఆమె ఉద్యోగానికి మూడు వారాలే మిగిలాయి. తను వెళ్ళిపోయేలోగా పాపకి నిజం చెప్పెయ్యాలనుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, పైన వార్తలవాళ్ళు నలుగురు తప్ప ఎవరూ లేనప్పుడు, క్రికెట్ మ్యాచి టేపు వెతికి తీసి, పాపకి చూపించడానికి డిస్కులోకి కాపీ ఎక్కిద్దామని ప్లేయర్లో పెట్టింది.

మొదట నీళ్ళు. బురదరంగు నీళ్ళు, వాటి మీద తేలుతున్న చెప్పులు, సంచులు. ఆ మనిషి వచ్చాడు. భుజాన పాప. ఒంటినిండా బురద, గౌను రంగు కూడా తెలియడం లేదు. ఆ గొంతు వినబడింది. మళ్ళీ ఒక్కసారి రండి. టేపులమ్మ ఎప్పట్లాగే కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి చుక్కలు వచ్చేశాయి.

కాపీ సరిగ్గా ఎక్కిందో లేదోనని వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది.

ఈసారి గదిలో వాసన. ముందు పట్టించుకోలేదు. నేల కింది గది, చెమ్మ మామూలే. కానీ ఇది చెమ్మ వాసన కాదు. నది అడుగున ఉండే వాసన, కుళ్ళిన నాచు, డీజిలు. చుక్కలు మొదలయ్యాయి. టేపులో ఆ చోట గరగర తప్ప వేరే శబ్దం ఉండదు, ఆమెకి బాగా తెలుసు. అయినా ఆ గరగర వెనకాల... ఏదో ఉంది. ఎవరో నోటినిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. చెవి దగ్గర పెట్టి వింది.

"...ఒక్కసారి..."

కెమెరా ఆయన గొంతు కాదు. చిన్నపిల్ల గొంతు.

ఆపే మీట నొక్కింది. చుక్కలు ఆగలేదు. ఇంకోసారి నొక్కింది. గట్టిగా నొక్కింది. ప్లేయరు తీగ పీకేసింది. ప్లేయరు లైటు ఆరిపోయింది... మానిటర్లో చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి మధ్య నల్లగా ఏదో కదులుతోంది. తల. చిన్న తల. అటు తిరిగి ఉంది... నెమ్మదిగా ఇటు తిరుగుతోంది.

ఆమె చూడలేదు. కాపీ ఉన్న డిస్కు లాక్కుని లేచింది. అప్పుడు కాలి కింద తడి తగిలింది. ప్లేయరు దగ్గరనుంచి తన కుర్చీ దాకా నేల మీద తడి అడుగులు. అరచెయ్యంత పాదాలు. కుర్చీ పక్కకి వచ్చి ఆగాయి. వెనక్కి వెళ్ళిన అడుగులు లేవు.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకి తెలియదు.

చీకటి పడకముందే పాప ఇంటికి చేరింది. ఒక గది, వంటిల్లు. బల్ల మీద సగం బిగించిన కళ్ళజోళ్ళు. టేపులమ్మ తల ఎత్తకుండా, పాతికేళ్ళ కిందటి మాట మొదటినుంచీ చెప్పుకొచ్చింది. తిడుతుందనుకుంది. పాప తిట్టలేదు. కంప్యూటరు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, కాపీ వేసి, తాడు పట్టుకున్న ఆడమనిషి కనబడగానే ఆపి, చాలాసేపు చూసింది. తర్వాత లేచి గోడకున్న తల్లి ఫొటో తీసుకొచ్చి పక్కన పెట్టింది.

"ఈవిడ మా అమ్మ కాదు పెద్దమ్మా."

పాప మళ్ళీ వెనక్కి తిప్పింది. ఆ మనిషి భుజం మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది నేనూ కాదు. చూడండి, జుట్టు కత్తిరించి ఉంది."

నిజమే. మెడ దాకా కత్తిరించిన జుట్టు. ఆవేళ ఆ కంగారులో టేపులమ్మ ఆ మాట మీదే చెవి పెట్టింది గానీ, పాప తల మీద కన్ను పెట్టలేదు. ఆ మనిషి ఒక పిల్లతో నీళ్ళలోకి వెళ్ళాడు. ఇంకో పిల్లతో తిరిగొచ్చాడు. ఆ మధ్యలో చుక్కలు.

"మరి ఆ పిల్ల ఏమైంది?" పాప గొంతు తగ్గించి అడిగింది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

ఎవరికి తెలుసు? చెప్పగలిగినవాళ్ళు పోయారు. తల్లీ పిల్లా ఇద్దరూ పోయి ఉంటారు. ఇంట్లో మిగిలినవాళ్ళు కూడా ఆ లాంచీలోనే ఉన్నారేమో, పాతికేళ్ళుగా ఆ పిల్ల కోసం స్టేషనుకి వచ్చి అడిగినవాళ్ళే లేరు. పాప చాలాసేపు తన విడి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి కూర్చుంది. చివరికి, ఇది అందరూ చూడాలంది. నన్ను చూసి ఏడ్చింది చాలు, ఆ పిల్లని ఒక్కసారైనా చూడనివ్వండి అంది. గుమ్మం దాకా వచ్చి టేపులమ్మ చెయ్యి పట్టుకుని, మీరేం బాధపడకండి పెద్దమ్మా, వచ్చారు కదా అంది. పాతికేళ్ళలో టేపులమ్మ చెయ్యి ఎవరైనా పట్టుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు ఆమె మొత్తం టేపుని న్యూస్ హెడ్ ముందు పెట్టింది. ఆయన చూసి, తల గోక్కుని, జనానికి ఇప్పుడిదెందుకమ్మా, వాళ్ళకి ఆ పాప ఒకటి చాలు అన్నాడు. అయినా ఆలోచిస్తానన్నాడు.

సంస్మరణ రోజు సాయంత్రం టేపులమ్మ ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. సంగీతం వచ్చింది. నాలుగు సెకన్లు వచ్చాయి. నడుం లోతు నీళ్ళు, ఆ మనిషి, పసుపు గౌను, వెనక్కి చాపిన చెయ్యి.

మెడ దాకా కత్తిరించిన జుట్టు.

ఎడిటింగ్ గదిలో ఎవరో పొరపాటున మొదటి ముక్క వేశారనుకుని ఫోన్ చేసింది. అవతలి ఎడిటర్ విస్తుపోయాడు. ఎప్పుడూ వేసేదే వేశాం కదమ్మా అన్నాడు. పాప స్టూడియోకి వచ్చిందా అని అడిగింది.

"ఏ పాప?"

"పసుపు గౌను పాప."

అతను చాలా మెల్లగా అన్నాడు, "ఆ పాప ఆ రోజే పోయింది కదమ్మా. ఒడ్డుకి తెచ్చేసరికే... మీకు తెలియనిదేముంది?"

పొద్దున్నే మూడో తరగతి వాచకం కొని చూసింది. కత్తిరించిన జుట్టు. పోస్టాఫీసు గోడ మీది పాత తపాలా బిళ్ళ చూసింది. కత్తిరించిన జుట్టు. కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. అద్దాలు అరగదీసే చోట ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ పని తనదేనన్నాడు. ఆ ఇంటికి వెళ్ళింది. తాళం. ఆ వాటాలో ఏళ్ళ తరబడి ఎవరూ లేరని పక్కింటావిడ చెప్పింది. ఎవరికోసం వచ్చారమ్మా అని అడిగితే, చెప్పబోయి ఆగిపోయింది. పాప అసలు పేరు... ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

తిన్నగా స్టేషనుకి వచ్చి కిందికి దిగింది. అరలు సగం ఖాళీ అయ్యాయి. లారీ మనుషులు పెట్టెలు మోస్తున్నారు. వాళ్ళు టీకి వెళ్ళేదాకా ఆగి, ప్లేయరు తీగ తగిలించి, ఆ టేపు వేసింది.

మొదటి నడక. ఆ మనిషి, భుజాన పాప. రెండు జడలు. ఒకటి విడిపోయి ఉంది. ఈ పాప నది వైపు చూడటం లేదు. సరిగ్గా కెమెరాలోకి చూస్తోంది. ఆ మొహంలో ఆరేళ్ళ పిల్ల లేదు. గుమ్మం దగ్గర తన చెయ్యి పట్టుకున్న మనిషి ఉంది. "మళ్ళీ ఒక్కసారి రండి" అంది గొంతు. వద్దు, అంది టేపులమ్మ పైకే. వెళ్ళొద్దు. ఆ మనిషి వెనక్కి తిరిగాడు. పాప మొహం ఆమెకేసే ఉంచి, అలా అలా నీళ్ళలోకి పోయింది.

ఇప్పుడు చుక్కలు రావాలి.

రాలేదు. నీళ్ళు ఉన్నాయి. తాడు ఊగుతోంది. ఒక నిమిషం. పది నిమిషాలు. ఆ టేపు నిడివి ఇరవై నిమిషాలే. గంట దాటింది. ఆమె కదలకుండా కూర్చుంది. నీళ్ళ మీద వెలుతురు తగ్గుతోంది, అక్కడ నిజంగా పొద్దు వాలుతున్నట్టు.

లారీ మనుషులు తిరిగొచ్చారు. మిగిలిన పెట్టెలన్నీ పైకి చేర్చారు. ఆఖర్న ప్లేయరు తీసుకెళ్ళడానికి వచ్చినతను, ఆమె భుజం మీంచి మానిటర్లోకి వంగి చూసి, చేతులు ఆగిపోయి, అలాగే నిలబడ్డాడు.

"నీళ్ళలోంచి ఎవరో వస్తున్నట్టున్నారమ్మా," అన్నాడు మెల్లగా. "చాలామంది."

ఆమెకి మాత్రం అక్కడ నీళ్ళే కనబడుతున్నాయి.