తోక కింది ఎరుపు

పిగిలిపిట్ట తోక కింద ఉండే ఎర్రమచ్చ మీద ఈ ప్రజారాజ్యం నిలిచి ఉన్నది. ఇది కవి చెప్పిన మాట కాదు, వర్ణశాసనంలోని మొదటి వాక్యం. పూర్వం రాజ్యాలు కోటల మీదా, సైన్యాల మీదా, ఎన్నికల మీదా నిలిచేవని చరిత్రకారులు చెబుతారు. అవన్నీ ఎందుకు కూలిపోయాయో వేరే చెప్పనక్కరలేదు. వాటికి ఆధారంగా పిట్ట లేదు.

ఆ శాసనాన్ని రచించినవాడు, రాష్ట్ర ప్రధాన వర్ణాధికారి చామర్తి వైకుంఠం, ఆ మార్గశిరపు ఉదయం కందుకూరు దాటి సముద్రం వైపు పోయే బాటలో నిశ్శబ్దరథం వెనుక సీట్లో కూర్చుని వార్తలు వింటున్నాడు. ఎండావానల సంగతి కన్నా ముందు ఎరుపుల సంగతి చదవడం అప్పటి ఆనవాయితీ. సపోటాల్లో ఎరుపు కాస్త తగ్గిందనీ, గర్భిణులు మరుసటి ప్రకటన దాకా ఆగవలెననీ, బత్తాయిలు నిలకడగా ఉన్నాయనీ రథం మృదువుగా వినిపిస్తోంది. బయట కూడలిలో ఒక ఇల్లాలు పండ్లబండి ముందు నిలబడి, సంచిలోంచి ఈకదర్శిని తీసి, పండ్ల వంక కన్నెత్తి చూడకుండా, బండి కొయ్య మీద వాలిన పిట్ట తోక కిందికి గురిపెట్టింది. అంకె చూసుకుంది. తృప్తిగా తల ఊపి పండ్లు తీసుకుంది. వైకుంఠం కళ్లు చెమర్చాయి. ఇలాంటి దృశ్యాలు చూసినప్పుడల్లా ఆయనకు తనమీద గౌరవం పెరిగేది.

గౌరవానికి కారణం లేకపోలేదు. ఆయన చిన్నతనంలో మనుషులు పండంటే భయపడేవారు. కాయను మందుపొడితో రాత్రికి రాత్రి పండించేవారు, మెరుపు కోసం మైనం పూసేవారు, ఏ కాయలో ఏ విషం ఉందో తెలిసేది కాదు. అధికారి సంతకాన్ని కొనవచ్చు, ప్రయోగశాల ఫలితాన్ని కొనవచ్చు. పిట్టను మాత్రం కొనలేమని గ్రహించినవాడు వైకుంఠం. పిట్ట తన ఒంట్లో ఎరుపును తానే తయారుచేసుకోలేదు, తిన్న పండులోంచి తెచ్చుకోవాలి. పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే రోజుల్లో అది ఏం తిన్నదో ఆ సంగతి ఈకలో చేరి, మళ్లీ ఆ ఈక రాలిపోయేదాకా చెరగదు. విషం లేని, సారం ఉన్న పండు తిన్న పిట్ట ఎర్రబడుతుంది, తక్కినది వెలవెలబోతుంది. దర్శిని ఆ ఎరుపును కొలిచి అంకె చెబుతుంది. "పిట్ట లంచం తినదు, పండే తింటుంది" అన్న ఆయన వాక్యాన్ని బడిపిల్లలు పొద్దున్నే నిలబడి చదువుతారు. పెళ్లి శుభలేఖ మీద ముహూర్తం పక్కనే విందుకు పండ్లు పంపిన తోట అంకె అచ్చువేస్తారు. అంగట్లో కాయ కొరికి రుచి చూడటం, అమ్మేవాడి ఇంటి ఆడవాళ్లను పేరు పెట్టి పిలవడమంత అమర్యాద. నాలుక మాట్లాడటానికి పనికొచ్చేది, అదీ మితంగా.

ఆ రోజు ఆయనకు ముంగిలిపాడులో రెండు పనులున్నాయి. ఊరికి తూర్పున ఉన్న జామతోటకు రాష్ట్రంలోకెల్లా ఎర్రని తోటగా స్వర్ణముద్ర వేయాలి. పడమట ఉన్న జామతోటను నరికించాలి. రెండూ ఒక తండ్రి నాటినవే, ఒకే తల్లిచెట్టు నుంచి కట్టిన అంటుమొక్కలే. ఇద్దరు కూతుళ్లు పంచుకున్నారు. తూర్పుతోటను చిన్నకూతురి భర్త మాలకొండయ్య చూసుకుంటాడు. పడమటితోట పెద్దకూతురు తిరుపాలమ్మది. వరసగా రెండేళ్లు ఎరుపు తప్పిన తోటను వేళ్లతో సహా తీసివేయాలని శాసనం. చెట్లను నమిలి పొడి చేసే యంత్రం వృక్షభక్షిణి అప్పుడే పడమటితోట గేటు ముందుకు వచ్చి నిలబడింది. వైకుంఠం సంతకం పడితే మధ్యాహ్నానికి అక్కడ చదునైన నేల మిగులుతుంది.

ముందు శుభకార్యం ముగించుకుందామని ఆయన తూర్పుకు వెళ్లాడు.

మాలకొండయ్య పట్టు కండువా వేసుకుని దండతో ఎదురొచ్చాడు. ఇల్లరికం వచ్చిన అల్లుడు. మామగారి పొలం, మామగారి మంచం, మామగారి మాటతీరు కూడా ఆయనకు సంక్రమించాయి. తోట చుట్టూ నిలువెత్తున పెరిగిన పొద మాత్రం మామగారి కాలంలో లేదు. ఎక్కడో దూరదేశాన కంచెకోసం పెంచే మొక్క, ఓడల్లో వచ్చిందంటారు. వచ్చిన చోట పాతుకుపోయి, ఉన్నవాటి నీళ్లు తాగి, చివరికి ఇంటి యజమానిలా నిలబడుతుంది కనుక ఆ ప్రాంతం వాళ్లు దానికి ఇల్లరికం కంప అని పేరు పెట్టారు. పేరు పెట్టింది తన వదినేనని మాలకొండయ్య అనుమానం. దాన్ని ఊరూరా పీకించమని ప్రభుత్వం ఆజ్ఞ వేసినప్పుడు, పడమటితోటలో ఒక్క కొమ్మ మిగలలేదు. తూర్పుతోటలో ఒక్క కొమ్మ కదలలేదు.

"నడుం పట్టేసింది సార్. ఈ ఏడు కొట్టిద్దామనుకుంటున్నా," అన్నాడు మాలకొండయ్య.

వైకుంఠం ఆ మాట వినలేదు. కంపకు గుత్తులు గుత్తులుగా ఎర్రపూసల్లాంటి కాయలు కాశాయి. కొమ్మ కొమ్మకూ పిగిలిపిట్టలు. నల్లని తల మీద కుచ్చు, తోక ఎత్తితే నిప్పుకణిక. దర్శిని అంకె ఎక్కి ఎక్కి ఆగలేక మిణుకుమంది. తోటలో కడుపునిండా జామపండ్లు తిని, కంప మీద వాలి విశ్రాంతి తీసుకుంటున్నాయని ఆయన రథానికి చెప్పి రాయించాడు. ఆ మాట పూర్తయ్యేలోపు ఒక పిట్ట ఆయన తెల్లని భుజం మీద రెట్ట వేసింది. ఎర్రగా జారింది. మాలకొండయ్య నీళ్లచెంబు కోసం పరుగెత్తబోయాడు.

"ఉండనివ్వండి," అన్నాడు వైకుంఠం. "కిరీటం పెట్టించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది నాకొక్కడికే దక్కింది."

చెట్ల మధ్య నడిచి చూశాడు. కాయలు గుండ్రంగా, నున్నగా, అచ్చులో పోసినట్టున్నాయి. ఒక్కదాని మీద గీత లేదు, గాటు లేదు. నిష్కళంక ఫలాలని రాయించాడు. మాలకొండయ్య బుట్ట చాపితే, మర్యాదగల మనిషి గనుక కాయ ముట్టకుండా, కొమ్మ మీది పిట్టకు దర్శిని పెట్టి చూసి, అమృతం అన్నాడు. స్వర్ణముద్ర వేసి పడమటికి బయలుదేరాడు.

పడమటితోట గేటులో, వృక్షభక్షిణి దంతాలకు ఎదురుగా, ఒకావిడ ముక్కాలిపీట వేసుకుని కూర్చుని జామకాయ తింటోంది. యాభై దాటిన మనిషి. రథం ఆగినా లేవలేదు. ఆవిడే తిరుపాలమ్మ.

"మా మరిదికి బంగారు ముద్రేసి వస్తుండారా?" అంది. "మంచిది. ఆ అబ్బాయికి కూర్చున్న చోటే అన్నీ జరిగిపోతాయి. ముందునించీ అంతే."

శాసనం ఎవరిమీదా కక్షతో పుట్టలేదనీ, ఆమె తోటలో పిట్టలు రెండేళ్లుగా వెలవెలబోతున్నాయనీ, ఇది తన నిర్ణయం కాదు పిట్టల తీర్పనీ వైకుంఠం నిదానంగా వివరించాడు. ఇలాంటి చోట్ల తన గొంతు ఎంత మెత్తబడుతుందో ఆయనకు తెలుసు. తిరుపాలమ్మ నములుతూ చివరిదాకా విన్నది. ఈ చెట్లను తన తండ్రి కావిడి మోసి బతికించాడనీ, తనకు ఇవి తప్ప వేరే ఏమీ లేవనీ, అయినా చట్టం చట్టమే కదా అనీ అన్నది. ఆ తర్వాత ఆయన భుజం వైపు చూసింది.

"ఏంది సారూ అది?"

"పిట్ట ఆశీర్వాదం. మీ మరిదిగారి తోటలో."

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. కుడిచేతి బొటనవేలికి పొడుగ్గా పెంచుకున్న గోరుతో ఆ ఎర్రమరకలోంచి ఒక గింజను ఒడుపుగా తీసి, ఆయన అరచేతిలో పెట్టింది. తర్వాత తాను తింటున్న జామకాయలోంచి ఇంకో గింజ గిల్లి దాని పక్కన పెట్టింది.

"మీరు చదువుకున్నోళ్లు. ఈ రెండూ ఒకటేనా?"

జామగింజ తెల్లగా, రాతిముక్కలా గట్టిగా ఉంది. మరకలోంచి తీసింది నల్లగా, పల్చగా, నువ్వుగింజలా ఉంది. వైకుంఠం రెండింటినీ చూశాడు. కంప మీది ఎర్రపూసలు ఆయన కళ్ల ముందు మెదిలాయి. వాటిమీద మూగిన పిట్టలు మెదిలాయి. ఒక్క గాటైనా లేని జామకాయలు కూడా, పిలవకుండానే, వరసగా మెదిలాయి.

"మీ పిట్టలు మా మరిది తోటలో ఉండేది నిజం," అంది తిరుపాలమ్మ. "కానీ ఆడ కాయ తింటుండాయా, కంప తింటుండాయా? మీరు పీకమన్నారని నేను కంప పీకినా. ఆయన పీకలేదు. మీరు చెప్పిన మాట విన్నందుకా సారూ నా తోట పోయేది?"

రాష్ట్రమంతటా తను నరికించిన తోటల సంఖ్యను గుర్తు తెచ్చుకోకుండా ఉండటానికి ఆ క్షణంలో వైకుంఠం చేసిన ప్రయత్నం, శాసన రచనకు పడిన శ్రమ కన్నా పెద్దది.

"ఇటు రండి," అని ఆమె ముందు నడిచింది. గేటు నుంచి బావి దాకా పోయే వరసలో చెట్టు చెట్టుకూ గాట్లు పడిన కాయలు వేలాడుతున్నాయి. గాటుపడిన కాయను మురికిదిగా ఎంచి తోటలోనే పారేయాలని రూలు పెట్టాక ఆయన అలాంటిదాన్ని చూడనేలేదు. చిన్నప్పుడు నాయనమ్మ కొంగులో దాచి తెచ్చి, "చిలక కొట్టిందిరా, తియ్యగా ఉంటది" అని చేతిలో పెట్టిన కాయ జ్ఞాపకం వచ్చింది. చిలకకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు. ఆయన శాస్త్రమంతా నిజానికి ఆ కొంగులోంచే మొదలైంది, మధ్యలో ఎక్కడో కాయ పక్కకు తప్పుకుని ఈక ముందుకు వచ్చింది.

తిరుపాలమ్మ ఒక కాయ తెంపి ఇచ్చింది. గేటు దగ్గర్నుంచి చూస్తున్న వృక్షభక్షిణి నడిపేవాడు సంస్కారవంతుడిలా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ప్రధాన వర్ణాధికారి కాయ కొరికాడు.

కాసేపు ఆయనకు ఏమీ తెలియలేదు. పండు తిన్నప్పుడు ఏం తెలియాలో మరచిపోయి చాలాకాలమైంది. కాసేపటికి నాలుక చివర్న ఒక చిన్న వగరు, దాని వెనకే తీపి, ఆపైన నాయనమ్మ కొంగు వాసన. గింజ ఒకటి పంటి సందులో ఇరుక్కుంది. ఆయన దాన్ని తీసుకోలేదు, ఉండనిచ్చాడు.

"ఎట్టా ఉంది?" అంది తిరుపాలమ్మ.

చేయి అలవాటుగా దర్శిని వైపు పోయింది. మధ్యలో ఆగింది. "తియ్యగా ఉందమ్మా," అన్నాడు. ఆ మాట సొంతంగా అనడానికి ఆయనకు కొంత ధైర్యం కావలసివచ్చింది.

సామాన్యుడైతే అక్కడ కుప్పకూలేవాడు. వైకుంఠం సామాన్యుడు కాడు. బావి దగ్గర నుంచి గేటు దాకా నడిచి వచ్చేలోపే ఆయన శాస్త్రం కూలి, శిథిలాలు తొలగి, వాటి మీద ఇంకా ఎత్తైన భవనం లేచింది. వృక్షభక్షిణిని వెనక్కి పంపాడు. రాష్ట్రంలో ఎక్కడా ఇక ఒక్క చెట్టూ నరకరాదని రథం చేత తక్షణపత్రం రాయించాడు. దర్శిని ఎన్నడూ తప్పు చెప్పలేదనీ, పిట్ట ఏం తిన్నదో అదే చెప్పిందనీ, అది పండునే తిన్నదని నమ్మడం మనుషుల పొరపాటనీ అందులో ఉంది. ఇకమీదట ఈకను కాక కాయనే చూడాలి. పిట్ట ముక్కు పడిన కాయే ఉత్తమం. దీనికి చంచుక్షత సిద్ధాంతమని పేరు పెట్టి, రాజధానికి పంపి, తిరుపాలమ్మ తోటకు మొదటి ముద్ర వేశాడు.

వార్త విని మాలకొండయ్య రొప్పుతూ సైకిల్ మీద వచ్చాడు. ఏడుస్తాడని వైకుంఠం అనుకున్నాడు. మాలకొండయ్య మాత్రం వదిన తోటలో కాయల్ని ఒకసారి కలయజూసి, కొంచెంసేపు ఆలోచించి, వినయంగా అడిగాడు.

"కాయకు ఎన్ని గాట్లుంటే బాగుంటుంది సార్?"

"అది పిట్ట ఇష్టం," అన్నాడు వైకుంఠం.

"నువ్వు ముందు కంప కొట్టించు మరిదీ," అంది తిరుపాలమ్మ. "నడుం బాగయిందిగా, సైకిలెక్కినావు." అని, వైకుంఠం వద్దంటున్నా వినకుండా గాట్లు పడిన కాయలు ఏరి బుట్టనిండా రథంలో పెట్టించింది. చెట్లకేసి ఒకసారి చూసి, ముక్కాలిపీట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

కందుకూరు చేరేసరికి రథం వార్తలు వినిపిస్తోంది. శాసనానికి సవరణ వచ్చింది. ప్రజారాజ్యం ఇకపై పిట్ట ముక్కు మీద నిలుస్తుందట. మనిషి చేతికి అందని సాక్ష్యం దొరికిందని పెద్దలు హర్షం ప్రకటించారు. కూడలిలో పొద్దుటి బండి దగ్గర జనం అప్పుడే కాయల్ని తిప్పి తిప్పి చూస్తున్నారు.

వైకుంఠం హాయిగా వెనక్కి వాలి, బుట్టలోంచి ఒక కాయ తీసుకున్నాడు. కొరకబోతూ గాటు వంక చూశాడు. నెలవంకలా వంగి, నున్నగా ఉంది. ఇంకో కాయ తీశాడు. అదే నెలవంక, అదే లోతు. మూడోదీ అంతే. ఆయన తన కుడిచేతి బొటనవేలి గోరును ఆ గాట్లో పెట్టి చూశాడు.

సరిపోయింది. కాస్త వదులుగా ఉంది, అంతే. తిరుపాలమ్మ గోరు పెద్దది.