హార్డ్‌కీ హార్డ్లీకీ మధ్య

"ఐ యామ్ బోరింగ్," అని ఖుసై తనను తాను పరిచయం చేసుకోగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అకబా రేవు పక్క వీధిలో సాయంత్రాలు నడిచే ఇంగ్లీషు క్లాసు అది. ఖుసై పగలంతా అడుగున అద్దం బిగించిన పడవలో టూరిస్టులకు పగడపు దిబ్బలు చూపిస్తాడు. పెద్ద హోటల్లో డైవింగ్ నేర్పే ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు బాగుపడాలని క్లాసులో చేరాడు. చేరిన రోజే నవ్వులపాలయ్యాడు.

క్లాసు అయ్యాక మెట్ల మీద ఆ నవ్విన అమ్మాయిని ఆపాడు. "ఎందుకండీ నవ్వారు?"

"మీరే చెప్పారుగా, మీరు జనానికి విసుగు పుట్టించే మనిషినని!"

"నేనా? రోజూ అవే చేపల్ని చూసి నాకు విసుగొస్తోందని కదా చెప్పాను!"

"అయితే బోర్డ్ అనాలి. బోరింగ్ కాదు." నవ్వు ఆపుకుంటూ రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "ఒకవేళ రెండూ నిజమైతే నాకు తెలీదు మరి."

ఆమె పేరు రుదైనా. బజారులోని మందుల షాపులో పనిచేస్తుంది. ఓడల మీద వచ్చే విదేశీయులతో మాట్లాడి మాట్లాడి ఆమె ఇంగ్లీషు పదునెక్కింది.

తర్వాత ఇద్దరికీ సముద్రపు ఒడ్డున నడిచి వెళ్ళడం అలవాటైంది. దారిలో ఇంగ్లీషే మాట్లాడాలి, అరబ్బీ దొర్లినవాళ్ళు టీ తాగించాలని పందెం. రోజూ ఖుసైయే తాగించేవాడు. ఓడిపోతున్నందుకు అతనికి బాధేమీ లేదు. టీ పూర్తయ్యేదాకా ఆమె కూర్చుంటుంది కదా.

ఇంటర్వ్యూ ముందు రుదైనా గట్టిగా హెచ్చరించింది. "హార్డ్ అంటే కష్టపడి, గట్టిగా. హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. పొరపాటున 'ఐ హార్డ్లీ వర్క్' అన్నావో, పనిదొంగనని నువ్వే ఒప్పుకున్నట్టు!"

ఖుసై ఎక్కడా తడబడలేదు. ఉద్యోగం వచ్చింది.

ఆ వారమే రుదైనా బంధువుల పెళ్ళికని ఇర్బిద్‌లోని మేనత్త ఇంటికి వెళ్ళింది. అక్కడ మేనత్త తన మరిది కొడుకు సంబంధం ఎత్తింది. ఇంజనీరు, మంచివాడు. "ఆలోచించుకుని చెప్తాను," అని రుదైనా గదిలోకి వెళ్ళి ఫోను తీసింది. పందెం ప్రకారం ఖుసైకి ఇంగ్లీషులోనే మెసేజ్ పెట్టి అడిగింది, నేను ఊళ్ళో లేనప్పుడు నా గురించి ఆలోచిస్తావా అని.

జవాబు వెంటనే వచ్చింది. "ఐ హార్డ్లీ థింక్ అబౌట్ యూ."

రుదైనా ఆ మాటను చాలాసేపు చూసింది. తప్పు రాశాడనుకోవడానికి లేదు. ఆ తేడా నేర్పింది తనే.

తిరిగొచ్చాక ఆమె క్లాసుకు రాలేదు. ఫోను ఎత్తలేదు. తట్టుకోలేక ఖుసై మందుల షాపుకే వెళ్ళాడు.

"ఏం కావాలి?" అంది, కొత్త మనిషిని అడిగినట్టు.

"నేనేం తప్పు చేశానో చెప్పు, చాలు."

"తప్పేముంది? నేను నీకసలు గుర్తే రానని నిజం రాశావు. మంచిది. మా అత్తకి ఈ రాత్రి జవాబు చెప్పేస్తాను."

"ఏం జవాబు? నేనలా ఎందుకు రాస్తాను? నీ గురించి గట్టిగా, విపరీతంగా ఆలోచిస్తున్నానని రాశాను!"

"హార్డ్లీ అని రాశావు."

ఖుసై గబగబా ఫోను తీసి, తను రాసింది చదివి నుదురు కొట్టుకున్నాడు.

"ఇంటర్వ్యూలో సరిగ్గా చెప్పినవాడివి, నాకెందుకు తప్పు రాస్తావు?" అందామె.

"అక్కడ పోతే ఉద్యోగమే కదా పోయేది," అన్నాడు మెల్లగా. "నీకు రాస్తుంటే గుండె దడదడలాడింది రుదైనా. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. ఇప్పుడు మన భాషలోనే చెప్తున్నాను విను. నువ్వంటే నాకు ప్రాణం. మీ ఇంటికి మా పెద్దల్ని పంపనా?"

ఆమె అటు తిరిగి, సర్దే ఉన్న మందుల డబ్బాల్నే మళ్ళీ సర్దింది. "శుక్రవారం నాన్న ఇంట్లోనే ఉంటారు," అంది. చెవులు ఎర్రబడటం ఖుసైకి కనిపించింది.

శుక్రవారం ఖుసై పెదనాన్న అబూ మర్వాన్ నలుగురు పెద్దల్నీ ఖుసైనీ వెంటబెట్టుకుని రుదైనా ఇంటికి వెళ్ళాడు. కాఫీ ఇచ్చారు. ఆయన తాగకుండా కప్పు ముందు పెట్టాడు.

"మీ అమ్మాయిని మావాడికి అడగడానికొచ్చాం. మీరు సరేనంటేనే ఇది తాగుతాం."

రుదైనా తండ్రి ఖుసైని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏమయ్యా, సముద్రం అడుగుకి దిగే పని నీది. మా అమ్మాయి రోజూ బెంగపెట్టుకుని కూర్చోవాలా?"

"మీరు వద్దంటే లోతుకి దిగను మామయ్యా. పైనుంచే నేర్పిస్తాను."

"మాట ఇవ్వకముందే మామయ్యనా!"

గదంతా ఘొల్లున నవ్వింది. ఖుసై తల వంచుకున్నాడు. రుదైనా తండ్రి లోపలి గది తెరవైపు చూశాడు. తెర కొంచెం కదిలింది. కూతురి మనసు ఆయనకు ముందే తెలుసు, అయినా ఆ కదలికతో నిశ్చింతగా నవ్వాడు.

"అబూ మర్వాన్, కాఫీ చల్లారిపోతోంది. తాగండి."

అబూ మర్వాన్ కప్పు ఎత్తీ ఎత్తకముందే లోపలినుంచి ఆడవాళ్ళ సంబరపు కేకలు వీధిదాకా వినిపించాయి.