అత్తయ్య గీసిన గుండె

"తీసెయ్! ఇప్పుడే తీసెయ్! నా పాఠం ఒక్కటి కూడా నెట్‌లో మిగలడానికి వీల్లేదు!"

అత్తగారి కేక పెరటి దాకా వినబడింది. బట్టలు ఆరేస్తున్న కోడలి చేతిలోంచి క్లిప్పు జారి కిందపడింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ గొంతు ఇంతగా లేవడం ఆమె ఎప్పుడూ వినలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.

హాల్లో బోర్డు పక్కన అత్తగారు నిలబడి వణికిపోతున్నారు. పక్కవీధిలో ఉండే ఆడపడుచు బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజం మీది సంచి కూడా దించలేదు. సోఫాలో భర్త తల వంచుకుని టీవీ రిమోట్‌లో బ్యాటరీలు తీస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్లీ తీస్తున్నాడు...

"ఏమైంది వదినా?"

"ఏమైందా? మీ నిర్వాకం వల్ల మా అమ్మ పరువు మంటగలిసింది, అదీ అయింది!" ఆడపడుచు ఫోను ఆమె ముఖానికి దగ్గరగా పెట్టింది. "గుండె పాఠం చూసి పరీక్ష రాసిన పిల్లలందరికీ మార్కులు పోయాయి. తల్లిదండ్రులు బడి మీదికొచ్చారు. స్టాఫ్ రూములో ఏమని నవ్వుకున్నారో తెలుసా? 'ఇన్నేళ్లు లైఫ్ సైన్స్ చెప్పిన మేడమ్‌కి గుండెలో కుడేదో ఎడమేదో తెలీదు పాపం' అని! నేను అక్కడే లెక్కల పేపర్లు దిద్దుకుంటూ కూచున్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు!"

కోడలు తెర వంక చూసింది. గుండె పాఠమా...!

అత్తగారు బడిలో లైఫ్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. బోర్డు మీద ఆవిడ బొమ్మ గీస్తుంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీ దగ్గర గుమిగూడేవారట. అయితే ఆవిడకో పద్ధతి ఉంది. బొమ్మ గీస్తారు గాని దానికి పేర్లు రాయరు. "బొమ్మ నాది, పేర్లు మీవి. రండి!" అని పిల్లల చేతికి సుద్దముక్క ఇచ్చేస్తారు. ఈ సంగతులన్నీ వింటూంటే కొత్త కోడలికి భలే ముచ్చటేసింది. తనూ కాలేజీలో వృక్షశాస్త్రం చదువుకున్న పిల్ల. అత్తగారు గీసే బొమ్మలన్నీ ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెడితే? టీచరు లేని బడులూ, మైక్రోస్కోపు ముఖం చూడని బడులూ ఎన్నిలేవు! అత్తగారిని బతిమాలి, బుజ్జగించి, చివరికి ఒప్పించింది. మధ్యాహ్నాలు ఆవిడ గీస్తుంటే ఈమె తీసేది. బొమ్మకి పేర్లు తర్వాత ఫోన్లోనే చేర్చేది. ప్రతి పాఠం కింద, "ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. మమ్మల్ని అడగనక్కరలేదు" అని రాసేది. ఎరుపు సుద్దపొడి కొత్త చీర మీద పడితే దులుపుకోవడానిక్కూడా మనసొప్పేది కాదు ఆమెకి! ఎవరో ఊరూ పేరూ తెలియని టీచరమ్మ "మీ ఉల్లిపొర పాఠం మా పిల్లలకి చూపించాను, చప్పట్లు కొట్టారు" అని రాస్తే, ఆ ముక్క అత్తగారికి చదివి వినిపించి, ఇద్దరూ కాఫీ చల్లారిపోయేదాకా నవ్వుకున్నారు.

అలాంటి అత్తగారు ఇవాళ ఆమె వంకైనా చూడటం లేదు.

"బొమ్మ గీయడం వరకే నా పని అన్నావు. పేర్లు నువ్వు చూసుకుంటానన్నావు. నమ్మాను. గోడ మందంగా ఉన్నది ఎడమ జఠరిక అని నా దగ్గర చదివిన మొద్దబ్బాయి కూడా నిద్రలో చెబుతాడు. నువ్వు దాని మీద కుడి జఠరిక అని రాశావా? డిగ్రీ చదివావే! కళ్లు ఎక్కడ పెట్టుకున్నావమ్మాయ్?"

"అత్తయ్యా, నేను..."

"ఉన్న ఒక్క మంచిపేరూ పోయింది. ఇంకేం మిగిలింది నాకు?" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కోడలు నిలువునా నీరైపోయింది. ఎందుకంటే ఆ పేర్లు రాసింది ఆమె కాదు! ఆ రోజు తను పుట్టింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి భర్త ఫోను చేతిలో పెట్టి, "నీకు శ్రమ లేకుండా గుండె పాఠం నేనే తీసి, పేర్లు కూడా పెట్టేశాను, చూసుకో" అన్నాడు. కామర్స్ చదివిన మనిషి, తనకోసం పాఠ్యపుస్తకం ముందేసుకుని కర్ణికలూ జఠరికలూ అని టైపు చేశాడా! ఆ మురిపెంలో ఆమె బొమ్మ చూడలేదు, భర్త ముఖమే చూసింది. అలాగే నెట్‌లో పెట్టేసింది. పేర్లు కూడా అతనే పెట్టాడని అత్తగారికి తెలీదు.

ఆమె భర్త వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడు... ఇదిగో, ఇప్పుడు చెబుతాడు...

రిమోట్ మూత టక్కున మూసుకుంది. "పోనీలే అమ్మా," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "కొత్త కదా. తెలీక చేసి ఉంటుంది."

ఎవరు? ఎవరు తెలీక చేసి ఉంటుంది?

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. ఏడుపు రాలేదు. వచ్చేదే గాని, కోపం దాన్ని దారిలోనే ఆపేసింది. ఆడపడుచు చేతిలోంచి ఫోను దాదాపు లాక్కుని పాఠం మొదటి నుంచి పెట్టింది. తెర మీద అత్తగారి వీపు, జడముడి, కదులుతున్న చేయి. గుండె ఆకారం మెల్లగా తేలుతోంది. ఆమె ఒక్కసారిగా పాఠం ఆపేసింది.

"అత్తయ్యా! మీరు ఏ చేత్తో గీస్తారు?"

"ఇదేం ప్రశ్న? కుడిచేత్తోనే."

"మరి ఇందులో ఎడమచేత్తో గీస్తున్నారేం?"

అత్తగారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ఆడపడుచు కూడా మెడ చాచింది. నిజమే! సుద్దముక్క ఎడమచేతిలో ఉంది. చీర కొంగు కూడా కుడి భుజం మీద ఉంది!

"ముందువైపు కెమెరాతో తీశారు. అది అద్దంలోలాగా అటుదిటు చేస్తుంది," అంది కోడలు తెర మీద వేలు పెట్టి. "మీ బొమ్మలో అక్షరాలుండవు కదా, ఉంటే తిరగబడినట్టు తెలిసేది. మీరు సరిగ్గానే గీశారత్తయ్యా. బొమ్మ తిరగబడ్డాక, పేర్లేమో పుస్తకంలో ఏ పక్కనుంటే ఆ పక్కనే పెట్టేశారు. అందుకే మందపాటి గోడ మీద కుడి జఠరిక అని పడింది."

"పెట్టేశారంటే... ఎవరు?" అంది ఆడపడుచు.

కోడలు భర్త వంకే చూస్తూ నిలబడింది.

"నేనే అక్కా," అన్నాడతను చివరికి. "పేర్లూ నేనే పెట్టాను. బోర్డు మొత్తం పడుతోందో లేదో అమ్మే చూసుకుంటుందని ఫోను అలా తిప్పి పెట్టాను..."

"ఓరి నీ తెలివి తెల్లారా!" అత్తగారు నుదురు కొట్టుకున్నారు. "చేస్తే చేశావు. పెళ్లాన్ని నేను దులిపేస్తుంటే బెల్లం కొట్టిన రాయిలా కూచున్నావేరా? నోట్లో నాలుక లేదూ?"

"నువ్వలా ఏడుస్తుంటే నోరు రాలేదమ్మా..."

"మరి నేనేడిస్తే ఫరవాలేదా అండీ?" కోడలి మాట కొరడాలా తగిలింది. "మీరు చేశారని నాకు కోపం లేదు. నాకోసం చేశారని ఎంత పొంగిపోయానో మీకు తెలుసు. 'తెలీక చేసి ఉంటుంది' అన్నారు చూడండి, ఆ మాటకి! దానికి మాత్రం మీతో ఇప్పట్లో మాట్లాడను!"

అతను తల మరింత వంచుకున్నాడు. అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. అలసటగా అన్నారు.

"ఎవరు చేస్తేనేం... తీసెయ్యమ్మాయ్. అన్నీ తీసెయ్. నలుగురి నోళ్లలో పడే ఓపిక నాకు లేదు."

"తీయను!"

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె కాదన్న మొదటి మాట అది. అందరికంటే ముందు తనే ఉలిక్కిపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"కొట్టండి, తిట్టండి, నేను మాత్రం తీయను! ఎవరైనా దించుకోండి, పంచుకోండి అని మనమే రాశాం. దించుకున్నారు. ఎన్ని బడుల్లో ఉందో, ఆ బొమ్మ ఎన్ని గోడలకి అతికించారో మనకేం తెలుసు? ఇక్కడ తీసేస్తే అక్కడ పోతుందా? మనం నోరు మూసుకుంటే తప్పు ఒక్కటే మిగులుతుందత్తయ్యా! మీ పేరుతో మిగులుతుంది! సరైనది చూద్దామని వెతుక్కుంటూ వచ్చిన పిల్లకి ఇక్కడ ఖాళీ కనిపిస్తుంది. అప్పుడా పిల్ల ఎవర్నడగాలి? టీచరు లేని బడి కదా అది!"

మాటలు అయిపోయాక గాని కన్నీళ్లు రాలేదు. వచ్చాక ఆగలేదు.

అత్తగారు లేచి కొడుకు దగ్గరికి వెళ్లారు.

"లేవరా. మాంసం కొట్టుకెళ్లి మేక గుండె పట్రా. ముక్కలు కొట్టించకు. నిండుది కావాలి."

"ఇప్పుడా అమ్మా?"

"నీ పెళ్లాం ఏడుపు ఆపేలోగా రావాలి. ఫో!"

అతను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాడు. ఆడపడుచు సంచి దించి, కిసుక్కున నవ్వి, అంతలోనే వదినగారి పెద్దరికం గుర్తొచ్చి ముఖం ముడుచుకుంది. "నువ్వు మాత్రం చూసుకోకుండా పెట్టడమేం? అది నీ తప్పే," అంది.

"అవును వదినా. అది నా తప్పే."

"సరే. వంటింట్లో పళ్లెం ఎక్కడుందో చెప్పు."

గుండె వచ్చింది. అత్తగారు దాన్ని పళ్లెంలో పెట్టి నిలువుగా చీరారు. కొడుకు చేయి పట్టుకుని వేళ్లు లోపల పెట్టించారు. "నొక్కు. ఏ పక్క గోడ గట్టిగా ఉంది?" "ఇది." "ఒళ్లంతటికీ రక్తం తోసేది అదే. అదే ఎడమ జఠరిక. పుస్తకంలో ఏ పక్కనుందో చూడకు, నీ వేలికేం తెలిసిందో చూడు. మళ్లీ చెప్పు." అతను చెప్పాడు. మళ్లీ చెప్పించారు. చెవులు ఎర్రబడేదాకా చెప్పించారు. అప్పుడు చేతులు కడుక్కుని బోర్డు ముందుకు నడిచారు.

"అమ్మాయ్, ఫోను పట్టుకో. వెనకవైపు కెమెరా."

కోడలు పట్టుకుంది. ఈవిడ ఇప్పుడేం చెబుతారు? ఎవరి పేరు చెబుతారు? కొడుకుదా... తనదా? దేశదేశాల వాళ్లు చూస్తారే!

అత్తగారు కెమెరాలోకి సూటిగా చూశారు. ముఖంలో కోపం ఇంకా చల్లారలేదు.

"పిల్లలూ, పోయిన పాఠంలో గుండె కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆ తప్పు మా ఇంట్లో జరిగింది. మా ఇంట్లోనే దిద్దుతున్నాం. పాతది దించుకున్నవాళ్లు చెరిపేసి ఇది తీసుకోండి, పక్కవాళ్లకీ చెప్పండి. ఈ పాఠానికి పేర్లు మా కోడలు రాస్తుంది."

మా ఇంట్లో... అంతే అన్నారు. వేలెత్తి ఎవరినీ చూపించలేదు. ఆ రెండు మాటల్లో తనూ ఉంది! కోడలికి కళ్ల ముందు బోర్డు, సుద్దముక్క, అత్తగారు, అన్నీ మసకబారిపోయాయి.

"ఏమిటా ఏడుపు?" అత్తగారు గదమాయించారు. "ఫోను కదులుతోంది! కళ్లు తుడుచుకో. మళ్లీ మొదటి నుంచి తీద్దాం."