ఎనిమిది పాయింట్ ఒకటి

వంతెన మీద తాడుంది, తాడు చివర సీసా ఉంది, పరీక్షకి నది నీళ్లు పట్టే మార్లిస్ ఫెల్లర్ మాత్రం లేదు. పొద్దున ఆరింటికి ఎవరో ఆమెను వరదలోకి తోసేశారు. నదిలో ఉన్న నైట్రేట్ మీటర్‌నీ పగలగొట్టారు.

ఎనిమిదింటికి ఏజెంట్ ఆర్లో నూడ్‌సెన్‌కి ఫోన్ వచ్చింది.

"అయోవా. గ్రాంట్స్ ఫోర్డ్. విదేశీ ముఠా," అన్నాడు చీఫ్. "విషం కలపరయ్యా. పొలాల్లో ఎరువుని వానే నదిలోకి తెస్తోంది. మన కళ్లు మూస్తే చాలు వాళ్లకి. ఎరువులోని నైట్రేట్ లీటరుకి పది మిల్లీగ్రాములు దాటిందా, రక్తంలో ఆక్సిజన్ అందక పసిపిల్లలు నీలంగా అయిపోతారు."

"ఇప్పుడెంతుంది?"

"టెస్ట్ కిట్లు మాయం. సీసా ల్యాబ్‌కి వెళ్లింది, జవాబు సాయంత్రానికి. ఇక నైట్రేట్‌ని అంచనా వేసే కంప్యూటర్ మోడలే దిక్కు. దాన్ని నడిపేది అక్కడున్న మన జోలీన్ ప్రైస్. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోస్తుంది."

విత్తనాల సేల్స్‌మన్ వేషంలో ఆర్లో వంతెన దగ్గర ఆగి, మార్లిస్ ట్రక్కులోంచి ఆమె నోట్‌బుక్ తీసుకున్నాడు. పదకొండున్నరకి నీటి ప్లాంట్ చేరాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో భయపడని మిషన్ లేదు.

ఎర్ర రెయిన్‌కోటులో జోలీన్ మెరిసిపోతోంది. "విత్తనాలెలా ఉన్నాయి?"

"తడిసిపోయాయి," అని కోడ్ పూర్తి చేశాడు ఆర్లో.

"వరద ప్రవాహాన్నిబట్టి నది ఎంత నైట్రేట్ మోస్తోందో మోడల్ లెక్కేసింది. లీటరుకి ఎనిమిది పాయింట్ ఒకటి. బెంగపడకు."

ప్లాంట్ ఆపరేటర్ డెల్బర్ట్ హ్రుస్కా గడియారం చూశాడు. "పన్నెండుకి ట్యాంకు ఖాళీ. అప్పుడు నది గేటు తీయాల్సిందే. బావుల నీళ్లు రెండ్రోజులకి మించి రావు బాబూ. మా మనవరాలికి తొమ్మిది రోజులు. డబ్బా పాలు. ఈ కుళాయి నీళ్లే."

ఆర్లో మార్లిస్ నోట్‌బుక్ విప్పాడు. ఆమెకో అలవాటుంది. ప్రతి సీసా ఫలితం పక్కన మోడల్ చెప్పిన అంకెని పెన్సిల్‌తో రాసుకునేది. ఒక్కో రోజు చూస్తే మోడల్ కాస్త ఎక్కువో తక్కువో చెప్పింది, అనుమానించడానికేం లేదు. మొత్తాలు కూడాడు. సీసాల్లో వంద ఉంటే, ఈ నెల నుంచి మోడల్ డెబ్బై చెబుతోంది.

మోడల్ లాగరిథమ్‌లలో లెక్క కడుతుంది. మామూలు అంకెల్లోకి తిరిగొచ్చేటప్పుడు జవాబు కుంచించుకుపోతుంది. పాత సీసాల తేడాలనుంచి తీసిన గుణకంతో దాన్ని మళ్లీ పెంచాలి. కాలేజీ కుర్రాళ్లు మర్చిపోతారు. జోలీన్ మర్చిపోయే మనిషి కాదు.

"గుణకం తీసేశావు. అసలు అంకె పదకొండు దాటింది."

జోలీన్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు తీసింది. "అబ్బో, హోంవర్క్ బాగానే చేశావే! ఇవాళ ఈ ఊరు. వచ్చే వసంతానికి యాభై ఊళ్లు. డెల్బర్ట్, గేటు తియ్యి."

పదకొండు యాభై ఎనిమిది. ఆర్లోకి చచ్చిపోతానన్న భయం కన్నా, ఈ లెక్క ముసలాయనకి అర్థం కాదేమోనన్న భయమే ఎక్కువైంది.

"డెల్బర్ట్ గారూ, ఆవిడ అంకె ఆవిడది. మార్లిస్ అంకెలు నదిలోంచి వచ్చినవి. మీ పాపకి దేన్ని నమ్మి పాలు కలుపుతారు?"

డెల్బర్ట్ గేటు చక్రం దాకా నడిచాడు. పక్కనున్న పైపు రెంచి తీసి వెనక్కి, జోలీన్ మీదికి విసిరాడు. పిస్తోలు పేలి తూటా పైకప్పుకి తగిలింది, జోలీన్ నేల మీద పడింది. ఆర్లో ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"మార్లిస్ ముప్పై ఏళ్లు మాకోసం నది నీళ్లు పట్టింది బాబూ," అన్నాడు డెల్బర్ట్. గేటుకి తాళం వేసి బావుల పంపు నొక్కాడు. పన్నెండయింది.

సాయంత్రం ల్యాబ్ నుంచి జవాబొచ్చింది: పదకొండు పాయింట్ ఆరు. చీఫ్ ఫోన్ చేశాడు.

"గేటు మూయించేటప్పుడు నీకెంత నమ్మకముందోయ్?"

"తొంభై ఐదు శాతం సార్."

"మరి గొంతు వణుకుతోందేం?"

"మిగతా ఐదు శాతం భయం ఇంకా దిగలేదు సార్."