మూడో నంబర్ దెబ్బ

"బతికిండు. ఇంక ఫికర్ లేదు."

డాక్టర్ రమామణి ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని వచ్చి ఆ మాట చెప్పేసరికి గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. గురువారం. 1976 ఆగస్టు.

వరండాలో బెంచీ మీది ముగ్గురూ ఒకేసారి లేచారు. బొగ్గుబావిలో ముఖం పగిలిన ఫిల్లర్ రాయమల్లు భార్య సారవ్వ. పదిహేనేళ్లుగా అతనితో జోడీగా బొగ్గు టబ్బులు నింపుతున్న గట్టయ్య. సబ్ ఇన్‌స్పెక్టర్ ఉమామహేశ్వర్.

"ఏ నంబరమ్మా?" సారవ్వ అడిగింది.

"ఒకటో నంబర్. అదృష్టవంతుడు. మూడు నెలల్ల డ్యూటీకి పోతడు."

సారవ్వ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"సంతోషం పట్టలేకపోతున్నది పాపం," అన్నాడు ఎస్సై వెనక నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ ఆగయ్య, తనూ కళ్లు తుడుచుకుంటూ.

గట్టయ్య మాత్రం ఆమె వంక చూడలేదు. నేల చూశాడు.

"స్టేట్‌మెంట్ ఎప్పుడు తీసుకోవచ్చు?" ఎస్సై అడిగాడు.

"ఆరు వారాలైనంక. పై పళ్లూ కింది పళ్లూ కలిపి తీగలతో కట్టేసిన. నోరు తెరవడు."

"రాసిస్తడేమో?"

"రాయమల్లన్నది వేలిముద్ర సారూ," అన్నాడు గట్టయ్య. ఆ రోజు అతను పలికిన మొదటి మాట అది.

* * *

కేసు చిన్నదిగానే కనిపించింది. మంగళవారం పొద్దున 11.40. రాయమల్లు మీద బావి కప్పు కూలిందని గట్టయ్య కేక వేశాడు. 1.10కి దవాఖానకు తెచ్చారు. షిఫ్టు మొదట్లో కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చూడడం కార్మికుల మీద అజమాయిషీ చేసే సర్దార్ పని. కాబట్టి తప్పు సర్దార్ నర్సింగానిది. సోమవారం రాయమల్లుతో అతనికి కొట్లాట కూడా అయింది. కావాలనే చెడ్డ కప్పు కిందికి తోలాడని కార్మికులు కేకలేశారు. రెండు రోజులుగా నర్సింగం స్టేషన్ బెంచీ మీదే ఉన్నాడు. రేపు కోర్టుకు పంపాలి. పంపితే అతని సర్దార్ లైసెన్సూ పోతుంది, జైలూ తప్పదు.

4.45. డాక్టర్ గది.

అల్లం టీ వచ్చింది. ఎస్సై టిఫిన్ డబ్బా మూత తీశాడు. పెళ్లయి నలభై రోజులు. భార్య శ్యామలాదేవి రోజూ ఏదో ఒకటి కట్టిస్తోంది. ఇవాళ సర్వపిండి రొట్టెలు.

"అమ్మగారు వేలితోని పొడిచిన తూట్లు కూడ లెక్కపెట్టుకుంట తింటడు మా సారు," అన్నాడు ఆగయ్య.

ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. డాక్టర్ నవ్వుతూ డబ్బాలోంచి ఒక సర్వపిండి అందుకుంది.

"నంబర్ల సంగతి అడిగిండ్రు గద. ఇది ముఖం అనుకోండి. ఈ రెండు తూట్లు కండ్లు. డెబ్బై అయిదేండ్ల కింద లెఫోర్ట్ అని ఫ్రెంచి డాక్టరొకాయన ముఖం ఎక్కడెక్కడ విరుగుతదో మూడు గీతలు గీసిండు."

కింది అంచు అడ్డంగా విరిచింది. "ఒకటో నంబర్. ముక్కు కింద, పళ్ల పైన అడ్డంగ విరుగుతది. పై దవడ ఊడి ఊగుతది. రాయమల్లుది ఇదే."

ముక్కు దగ్గరి నుంచి రెండు వైపులా ఏటవాలుగా విరిచింది. "ఇది రెండోది. ముక్కు కూడ కలిసొస్తది."

మిగిలినదాన్ని కళ్ల మీదుగా విరిచింది. "మూడోది. ముఖమంత పుర్రె నుంచి విడిపోతది. కండ్లకు కూడ ముప్పే."

ఎస్సైకి ఇక సర్వపిండి తినబుద్ధి కాలేదు. ఆగయ్యకు అలాంటి పట్టింపులేమీ లేవు.

"ఇప్పుడేం చేసిండ్రు?"

"ఊగే దవడను సరైన చోట కూర్చోపెట్టి, తీగలతోని చెంప ఎముకకు వేలాడగట్టిన. పళ్లు పళ్లకు కట్టిన. ఎముక అతుకుతది. వెనక పళ్ల సందు నుంచి గంజి, పాలు. వాంతి వస్తె జల్ది తెంచాలె గనక మంచం పక్కన కట్టర్ పెట్టించిన."

"పై నుంచి రాయి పడితే ఇట్ల విరుగుతదా?"

"ముందు హెల్మెట్‌కు తగలాలె. తర్వాత నుదురు, ముక్కు. నుదుటి మీద గీత లేదు. ముక్కు చక్కగ ఉన్నది."

"తల పైకెత్తి కప్పు చూస్తున్నడనుకోండి."

"అప్పుడు ముందు పొయ్యేది ముక్కే. ఈ దెబ్బ ఎదురుంగ వచ్చింది ఎస్సైగారూ. పై పెదవి మీద. లోపల చితికింది, పైన తోలు తెగలేదు. బొగ్గు పెళ్లకు అంచులుండవా?"

ఆమె సొరుగులోంచి దూదిపింజ తీసి విప్పింది. లోపల అంగుళం పొడవు ఎర్ర నూలుపోగు.

"తీగ కడుతుంటే పళ్ల నడుమ దొరికింది."

ఎస్సై దాన్ని కవర్‌లో వేశాడు. 

"ఈ నంబర్ల గురించి సారవ్వకు ఎప్పుడు చెప్పిండ్రు?"

"ఎన్నడు చెప్పలే. వరంగల్ నుంచి పొద్దున దిగుడే థియేటర్లకు పోయిన. ఆమెతోని నా మొదటి మాట మీ ముందే."

"మరి ఏ నంబర్ అని ఎట్ల అడిగింది?"

డాక్టర్ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఈ దవాఖానల ఇంతకుముందు ఒక్కరికే ఈ ఆపరేషన్ చేసిన. నిరుడు. బుచ్చన్న అని."

"ఏ నంబర్?"

"మూడు."

* * *

5.30. బావి దగ్గర దీపాలూ హెల్మెట్లూ దాచే ల్యాంప్ రూమ్. రాయమల్లు హెల్మెట్ మీద బొగ్గు మసి తప్ప గీత లేదు.

6.05. పోలీస్ స్టేషన్. నర్సింగం కళ్లు లోపలికి పోయాయి.

"కప్పు చూసినవా?"

"ఏడుంబావుకు కట్టెతోని కొట్టిన సారూ. ఖంగుమన్నది. చెడ్డదైతె డొల్లగ పలుకుతది. నా చెవులు నాకు ఎరుకలేదా?"

"రాయమల్లుతోని కొట్లాట ఏంది?"

"దమ్ము ఆడుతలేదు ఆయనకు. రెండు టబ్బులకే కూలబడుతున్నడు. ఇంటికి పొమ్మన్న. హాజరు మస్టర్లు తక్కువైతె పేరు కొట్టేస్తరు, నీ అయ్య పెడ్తడా తిండి అన్నడు. నేను కూడ ఒకటన్న. గంతే సారూ."

"గట్టయ్య మెడకు ఏం చుట్టుకుంటడు?"

నర్సింగం విచిత్రంగా చూశాడు. "ఎర్ర తువ్వాల. పండ్గకు కూడ తియ్యడు."

"మంగళవారం పైకొచ్చినప్పుడు ఉండెనా?"

నర్సింగం బెంచీ మీంచి లేచాడు.

"లేకుండె."

* * *

6.45. దవాఖాన వార్డు. చివరి మంచం చుట్టూ తెర కట్టారు. రాయమల్లు ముఖం రెండింతలు ఉబ్బింది. పెదవుల మధ్య తీగ మెరుస్తోంది. పక్కన సారవ్వ ముక్కున్న కప్పుతో పాలు పోస్తోంది. గట్టయ్య కాళ్ల దగ్గర నిలబడ్డాడు. డాక్టర్ వచ్చింది. ఆగయ్య వెంట నర్సింగం వచ్చాడు.

అతన్ని చూడగానే సారవ్వ చేతిలో కప్పులోంచి పాలు ఒలికాయి.

"సారవ్వా, బుచ్చన్న మీకేమైతడు?" ఎస్సై మెల్లగా అడిగాడు.

"ఏం కాడు. పక్క క్వార్టర్. వాళ్ల లింగవ్వ నాకు దోస్తు."

"నంబర్ల సంగతి లింగవ్వే చెప్పిందా?"

సారవ్వ కప్పు పక్కన పెట్టింది. ఎస్సై కొనసాగించాడు.

"బుచ్చన్నది మూడో నంబర్. కండ్లు పోయినయి. కంపెనీ అన్‌ఫిట్ చేసింది. కొడుకును పనిల పెట్టుకున్నది. రాయమల్లుకు దమ్ము లేదు. మస్టర్లు తక్కువ. నేడో రేపో పేరు కొట్టేస్తే ఇంట్ల ఎవరికీ పని రాదు. బావిల దెబ్బ తగిలి అన్‌ఫిట్ అయితే కొడుక్కు వస్తది. అందుకే డాక్టర్ ఫిట్ అయితడు అన్నప్పుడు నువ్వు కూలబడ్డవు. మేమందరం సంతోషమనుకున్నం."

"కప్పు కూలింది సారూ!" గట్టయ్య అరిచాడు.

"కప్పుకు ఎర్ర నూలు ఉంటదా గట్టయ్యా? నీ తువ్వాల ఏది?"

గట్టయ్య చెయ్యి మెడ మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

"దుంగ ముక్కకు చుట్టినవు. ఎందుకు చుట్టినవు?"

"తోలు తెగొద్దని..." అన్నాడు గట్టయ్య. "ఆయన నా ముంగట నిలబడి కండ్లు మూసుకున్నడు సారూ. కొట్టు తమ్మీ, నా పోరగానికి బువ్వ పెట్టు అన్నడు. కండ్ల మీద కొట్టమన్నడు. మూడుసార్లు దుంగ దించిన. మూడుసార్లు తిట్టిండు."

మంచం మీద కదలిక. రాయమల్లు కుడిచెయ్యి పైకి లేపాడు. మూడు వేళ్లు చూపించాడు. గట్టయ్య వైపు చూస్తూ ఒక్కొక్కటే రెండు వేళ్లు ముడిచాడు. ఒకటే మిగిలింది.

"చెయ్యి రాలె అన్నా," గట్టయ్య మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. "గంత పైకి చెయ్యి రాలె."

రాయమల్లు కట్టేసిన నోటిలోంచి సన్నని మూలుగు వచ్చింది. అది తిట్టో ఏడుపో ఎవరికీ తెలియలేదు.

"వాళ్లిద్దరు సరే," నర్సింగం గోడ దగ్గరి నుంచి అన్నాడు. "నేనేం జేసిన వదినా? నన్ను జైలుకు తోలుతుంటె నీకు తెల్వదా?"

సారవ్వ తలెత్తింది. "తెలుసు. నిన్ను సస్పెండ్ జేసి మల్ల తీసుకుంటరు అనుకున్నం. ఒక నెల పస్తులుంటరు అనుకున్నం. మేం ఉండలేదా అనుకున్నం."

 డాక్టర్ కిటికీ వైపు తిరిగింది.

ఎస్సై సారవ్వ వైపు తిరిగాడు. "నర్సింగాన్ని ఇప్పుడే వదులుతున్న. మిగతాది రాయక తప్పదు. కంపెనీకి కాపీ పోతది. రాయమల్లు పని ఉండదు. గట్టయ్యది కూడ ఉండదు."

"కొడుకుకు?" అంది సారవ్వ.

ఎస్సై తల అడ్డంగా ఊపాడు. ఆమె ఒలికిన పాలు కొంగుతో తుడిచి, కప్పులో మిగిలినవి మళ్లీ భర్త పెదవికి ఆనించింది. చుక్కచుక్కగా పోసింది. పూర్తయ్యాక మూతి తుడిచి లేచింది.

"రేపు పొద్దుగాల తొమ్మిదింటికి స్టేషన్‌కు వస్తం సారూ, నేను, గట్టయ్య. అంతకుముందు ఫస్ట్ షిఫ్టు దిగే యాళ్లకు బావి గేటు కాడికి పోత. అందరి ముంగట నర్సింగం తప్పు లేదని చెప్త. మా ఆయన నోరైతె డాక్టరమ్మ కట్టింది. నాదింక కట్టలే గద."