వెండి పళ్ళెంలోని సింహం

పారసీక చక్రవర్తి మిహ్రఫరుని రాజధానిలో వెండిపనివారి సుత్తుల మోతకు ఆకాశంలో పోయే కొంగలు దారితప్పి సముద్రంలో పడేవట! వారు రేయింబవళ్ళు చెక్కినదంతా ఒకే బొమ్మ. పరుగెత్తే గుర్రంపై కిరీటధారియైన చక్రవర్తి వెనుదిరిగి, మీదికి దూకిన సింహం గుండెలో బాణం నాటుతున్నాడు. బంగారుపూత మెరిసే ఆ పళ్ళేలు ఒంటెల మీద దేశదేశాలకు తరలిపోయాయి. ఒక సామంతుడైతే మూట విప్పకముందే సాష్టాంగపడ్డాడు.

అయితే ఆ సింహాన్ని చంపినది చక్రవర్తి కాదు. వేటవనంలో ఏనుగంత సింహం ఎదురుకాగానే పందొమ్మిదేళ్ళ ప్రభువు విల్లు జారవిడిచి గుర్రం మెడను కరచుకొన్నాడు. పక్కనున్న సేనాపతి వరాజ్ ఒక్క బాణంతో దాన్ని కూల్చి, జారిన విల్లు తీసి ప్రభువు చేతికిచ్చి, పరివారం వచ్చేసరికి "జయము ప్రభూ!" అని కేకవేశాడు. చూసినవారు మరెవరూ లేరు. తొలి పళ్ళెం వరాజుకే దక్కింది. దానితోపాటు తూర్పు సరిహద్దు కోట కూడా. తన భయాన్ని చూసిన కళ్ళు రోజూ కొలువులో కనబడితే ఏ రాజుకు ముద్ద దిగుతుంది?

ఆ కోటకు గాలి తప్ప చుట్టం లేదు. వరాజ్ ఆ పళ్ళెంలోనే ఒంటరిగా తింటూ ముసలివాడయ్యాడు.

"అయ్యా, ప్రభువుల మీసాల మీద మళ్ళీ పప్పు పోశాను. శిక్షేమిటి?" అనేది వంటామె మాహక్.

"మునగనీయకు తల్లీ. భోజనానికి నాకున్న తోడు ఆయనొక్కడే."

ఇంతలో హూణులు ఇసుక సిగ్గుపడేంత మంది వచ్చి కోటను చుట్టుముట్టారు. కోటలోనివారు జీనుల తోలు ఉడకబెట్టుకు తిన్నారు. సాయానికి సేనతో వచ్చిన మంత్రి జుర్వన్ దాన్ని కొండ అవతలే నిలిపి, మేకల బాటన తానొక్కడే కోటలోకి వచ్చాడు.

"సేనాపతీ! వేటవనం సంగతి ప్రభువు నిద్రలో కలవరించగా విన్నాను. సింహాన్ని కొట్టినది నీవేనని నా సేన ఎదుట ఒక్కమాట పలుకు. పిరికివానికి ఎవడు తలవంచుతాడు? కిరీటం నీది, పెత్తనం నాది. ఈ పూటే నీ కోటకు విడుదల. పలకకపోయావో, నా సేన కొండ దాటదు."

వరాజ్ పళ్ళేన్ని అతని ముందుకు జరిపాడు.

"మంత్రివర్యా! నా మాటతో ఒక రాజు పడితే పదిమంది సామంతులు పది కిరీటాలు పెట్టుకుంటారు. అప్పుడు ఈ కోటను కాచి నేను ఏ దేశాన్ని కాచినట్టు? సింహాన్ని కొట్టినది మా ప్రభువు. ఇదిగో, చూసుకోండి."

"ఇవాళ పప్పు కూడా అడ్డం లేదు. బాగా కనబడుతుంది," అంది మాహక్.

మంత్రి మొహం మాడ్చుకుని పోయాడు. ఇక రాని సేనకోసం చూడడం దండగని వరాజ్ మిగిలిన భటులతో కోట తలుపులు తెరిపించి హూణుల మీద విరుచుకుపడ్డాడు. అతని ఒక్కొక్క బాణం ఏడుగురిని గుచ్చి ఎనిమిదోవాడి టోపీ ఎగరగొట్టింది! నాయకుడు చచ్చి హూణులు చెదిరిపోయారు. ఆ నాయకుని గుడారం ముందే వరాజూ నేలకొరిగాడు.

మంత్రి జాప్యాన్ని శంకించి చక్రవర్తి స్వయంగా వచ్చేసరికి మిగిలింది శవం. మాహక్ జరిగినదంతా చెప్పింది. మంత్రికి సంకెళ్ళు పడ్డాయి. అప్పుడు చక్రవర్తి సేన ఎదుట నిలిచి, కిరీటం తీసి చేత పట్టుకొన్నాడు.

"వినండి! సింహాన్ని కొట్టినది వరాజ్. నేను భయపడ్డాను."

ఒక ముసలి దళపతి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆహా! చచ్చిన బంటుకు తన కీర్తినే దానం చేస్తున్నారు ప్రభువులు!"

జయధ్వానాలకు కొండలు రెండడుగులు వెనక్కి జరిగాయి.

"నిజమే చెబుతున్నాను!" అని అరిచాడు చక్రవర్తి. వారు మరింత గట్టిగా జేజేలు కొట్టారు. అతడు దిక్కుతోచక మాహక్ వైపు తిరిగాడు. "నీవైనా నమ్ముతావా?"

ఆమె శవం మీది దుమ్ము కొంగుతో తుడుస్తోంది.

"మా అయ్య మీరే కొట్టారన్నారు ప్రభూ. ఆయన అబద్ధమాడరు."