‘ఆరని బట్టలు’ రెండోసారి

మూడో పాట సగంలో ఉండగానే హిమజకి ఆవలింత వచ్చింది. మెడకున్న పట్టీ ఆ ఆవలింతని కూడా జాడలో రాసుకుంది. ఎదురుగా గాజుపలక మీద రెండు గీతలు పక్కపక్కనే నడుస్తున్నాయి. పచ్చది ఆమె జాడ. తెల్లది ముందస్తు, అంటే ఈ ఆల్బం వింటే హిమజ గుండె, ఊపిరి ఎక్కడెక్కడ ఎలా కదులుతాయో యంత్రం పొద్దున్నే వేసిపెట్టిన అంచనా. ఆవలింత తెల్లగీతలో ముందే ఉంది. అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది.

ఆల్బం అయిపోయాక యంత్రం అడిగింది. “తీర్పు.”

“కరుగు,” అంది హిమజ. “గొంతు బాగుంది. బాగుందని ఆ పిల్లకి తెలుసు, అదే వచ్చిన చిక్కు. ప్రతి పాటా అద్దం ముందు నిలబడి పాడినట్టుంది. వీణకి కరెంటు పెట్టి గీరితే కొత్తదనం వచ్చేస్తుందనుకున్నారు. పోయిన వానల్లో వచ్చిన ‘ఇనుప నిద్ర’ ఆల్బంలో ఇంతకన్నా మంచి గీరుడుంది.”

పళ్ళెంలోని ఆల్బం బిళ్ళ మసకబారి, నీళ్ళలో ఉప్పులా కరిగిపోయింది. ఇక ఆ గొంతు, ఆ వీణ విడివిడి ముక్కలై, ఊరందరి చెవుల్లోకి యంత్రాలు వదిలే ధారలో కలుస్తాయి. రేపు విశాఖలో ఎవరో చేపల కూర వండుకుంటుంటే వాళ్ళ చెవిలో ఒక ముక్క మోగుతుంది, ఎల్లుండి ఇంకెవరికో ఇంకో ముక్క. ధారలో ఒకరికి వచ్చిన పాట మరొకరికి రాదు. వచ్చిన పాట మళ్ళీ రాదు. తొలిచెవి, అంటే అందరికన్నా ముందు విని తీర్పు చెప్పే హిమజలాంటి మనిషి, ‘నిండు’ అంటే మాత్రం ఆ సాయంత్రం ఆల్బం మొత్తం, ముక్కలు కాకుండా, ఊరంతా ఒక్కసారి కలిసి వింటుంది. ఆ తర్వాత అదీ కరిగిపోతుంది. పాట కట్టేవాళ్ళు ఆ ఒక్క సాయంత్రం కోసమే బతుకుతారు.

ఇరవై రెండేళ్ళ హిమజ తన జన్మలో ఏ పాటా రెండోసారి వినలేదు. ఆమె ఈడువాళ్ళెవరూ వినలేదు. అదొక లోటని కూడా ఎవరికీ తెలియదు. కాకపోతే మంచి ఆల్బం విన్న రోజున ఆమెకి ఎక్కడా కాలు నిలవదు. ఇంట్లో ఏదో మర్చిపోయి బయటికొచ్చినట్టు ఉంటుంది. వెనక్కి వెళ్ళి వెతుక్కోవడానికి ఆ ఇల్లు ఉండదు.

తర్వాతి బిళ్ళ గాజువాక నుంచి వచ్చింది. పేరు ‘ఆరని బట్టలు’. ముగ్గురు కలిసి కట్టారు. మొదటి పాట బండ మీద బట్టలు బాదే చప్పుడుతో మొదలైతే హిమజ పెదవి విరిచింది. చప్పుళ్ళు పోగేసి పాట అని పేరు పెట్టడం ఈ ఏడాది అందరికీ పట్టిన జబ్బు. రెండోదాంట్లో పెళ్ళి బ్యాండు క్లారినెట్ కొంచెం నయం. మూడోది మరీ పొడుగు. నాలుగో పాటలో డప్పు తడబడింది. స్పష్టంగా తడబడింది. క్లారినెట్ ఆగిపోయి, డప్పు మళ్ళీ దారిలో పడేదాకా నోరు మూసుకుని నిలబడింది. ధార ఏనాడూ తప్పు వాయించదు, మనుషులు వాయిస్తే ఇంతే అనుకుంది హిమజ.

సరిగ్గా అక్కడ పచ్చగీత ఎగిరింది. తెల్లగీత ఎగరలేదు. హిమజ తొలిచెవి కుర్చీలో కూర్చున్నాక ఆ రెండు గీతలూ విడిపోవడం అదే మొదలు.

“తీర్పు.”

‘కరుగు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. “సాయంత్రం కూత లోపల చెప్తాను,” అని లేచిపోయింది. రేవులో సాయంత్రం కూత మోగేదాకా తీర్పు ఆపుకునే హక్కు తొలిచెవికి ఉంది.

క్యాంటీన్లో సన్యాసి అప్పటికే పులిహోర సగం తినేశాడు. కింది అంతస్తులో ధార యంత్రాలకి చల్లదనం చూసే పని అతనిది. చిన్నప్పటి స్నేహితుడు, పాటల పిచ్చోడు. ‘ఇనుప నిద్ర’ గురించి వాళ్ళిద్దరి తగువు ఆర్నెల్లుగా తెగలేదు.

“ఆఖరి పాట సివర్న ఉన్నది శంఖమేనే. నాకు బాగా గుర్తు,” అన్నాడు సన్యాసి.

“శంఖం కాదురా, ఓడ కూత. తొలిచెవిని నేనా, నువ్వా?”

“తొలిచెవైతే ఏటి? నువ్వూ ఒక్కపాలే విన్నావు, నేనూ ఒక్కపాలే విన్నాను. ఇద్దరం సమానమే.”

ఊళ్ళో పాటల పిచ్చోళ్ళ తగువులన్నీ ఇక్కడికే వచ్చి ఆగుతాయి. ఎవరికి గుర్తున్నది వాళ్ళది. తేల్చేవాళ్ళు లేరు. హిమజ మజ్జిగ తాగేసి విసురుగా లేచింది.

కుర్చీగదికి వెళ్ళే దారిలో గాజు గోడ ఉంది. దాని వెనక తీర్పు కోసం కాచుక్కూర్చునే పాటల వాళ్ళు ఉంటారు. తొలిచెవి వాళ్ళతో మాట్లాడకూడదు. హిమజ చూడకుండా దాటిపోదామనే అనుకుంది. కానీ లోపల నలభై ఏళ్ళావిడ ఒకరు స్టీలు కుర్చీ చేతి మీద వేళ్ళతో వాయిస్తోంది. చప్పుడు బయటికి రావడం లేదు. వేళ్ళు చూస్తే చాలు, అది నాలుగో పాట.

వేళ్ళు తడబడ్డాయి. అదే చోట, అంతే సేపు. పక్కనున్న ముసలాయన పాటకి ఊపుతున్న తల ఆపి, కళ్ళు మూసుకుని ఆగాడు. వేళ్ళు దారిలో పడగానే మళ్ళీ తలూపాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే చోట తడబాటు.

అది తప్పు కాదు. కూర్చుని కట్టుకున్నది, సాధన చేసి నేర్చుకున్నది. ఒక్కసారే వినే చెవికి తప్పేదో, కావాలని చేసిందేదో తేడా తెలిసే దారే లేదని హిమజకి అప్పుడు తట్టింది. ఇంకో గంటలో ఆ ముగ్గురి పాటని తనే ముక్కలు చేయించి ఉండేది.

తిన్నగా జోగారావు గారి దగ్గరికి వెళ్ళింది. తొలిచెవులందరికీ పెద్ద ఆయన, రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి.

“సార్, ‘ఆరని బట్టలు’ నేను ఇంకోసారి వినాలి.”

ఆయన కళ్ళద్దాలు తీసి ఆమె వంక చూశాడు. “రెండోపాలి విన్న చెవి తొలిచెవి ఎలాగవుతాదమ్మా? కుర్చీ పోతాది. ఊరంతా ఒక్కపాలే వింటాది కదా. నువ్వూ ఒక్కపాలే విని చెప్పాల. అదీ న్యాయం.”

“ఊరు మాత్రం ఒక్కసారే ఎందుకు వినాలి సార్?”

జోగారావు తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. “మా తాత పద్యనాటకాల్లో వేషాలు కట్టీవోడు. పద్యం బాగుంటే జనం ‘వన్స్‌మోర్’ అని అరిసీవోరట. స్టేజీ మీద సచ్చి పడిపోయినోడు కూడా లేచి, ఆ పద్యమే మళ్ళీ పాడి, మళ్ళీ సచ్చిపోవాల.”

“అందరికీ తెలిసిన పద్యమేనా?”

“తెలిసిందేనమ్మా. తెలిసిందనే అడిగీవోరు.” అంతలోనే ఆయన తేరుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. “ఆ మాటలు వదిలీ. ఎల్లి తీర్పు ఇచ్చీ తల్లీ. నీలాటి చెవి మళ్ళీ దొరకదు నాకు.”

హిమజ కుర్చీలో కూర్చుంది. ఈ కుర్చీ పోతే కొత్త ఆల్బం అందరికన్నా ముందు వినే భాగ్యం పోతుంది. ఆమెకి అంతకన్నా ఇష్టమైనది ఈ భూమ్మీద లేదు. గాజుపలక మీద తెల్లగీత చివర ఆమె చెప్పబోయే తీర్పు ముందే రాసి ఉంది: కరుగు. అది చదివాక ఇక ఆలోచించలేదు. పొద్దున్నే మెకానిక్ ఖాళీ బిళ్ళని మళ్ళీ మొదటికి తిప్పి యంత్రాన్ని సరిచూసుకునే శోధన మీట కుర్చీ కింద ఉంటుంది. వంగి, దాన్ని లాగింది.

బండ మీద బట్టలు బాదే చప్పుడు మళ్ళీ మొదలైంది. తెల్లగీత అక్కడే ఆగిపోయింది. రెండోసారి వినే మనిషి గురించి యంత్రానికి ఏమీ తెలియదు. పచ్చగీత ఒక్కటే ఒంటరిగా సాగింది.

పొడుగనుకున్న మూడో పాట ఈసారి పొడుగనిపించలేదు. నాలుగోది వచ్చింది. తడబాటు ఇంకా రాకముందే హిమజ ఊపిరి బిగబట్టింది. అది వస్తుందని ఆమెకి తెలుసు. పాటలో ముందేముందో తెలిసి దానికోసం ఎదురుచూడటం ఎంత హాయో ఆమెకి అప్పుడే తెలిసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ధ్వని కన్నా ముందు స్పందన,” అంది యంత్రం. “లోపం.”

డప్పు తడబడింది, క్లారినెట్ ఆగింది. ఆ ఖాళీలో నీటిచుక్కలు పడుతున్నాయి. తీగ మీద ఆరేసిన తడిబట్ట నుంచి ఒక్కొక్కటే. మొదటిసారి తప్పు పట్టే తొందరలో ఆమెకి అవి వినిపించనే లేదు. ఆ చుక్కలు వినడానికే వాళ్ళు వాయించడం ఆపారు.

తలుపు తోసుకుని జోగారావు వచ్చాడు. మీట మీద చెయ్యి వేశాడు గానీ వెనక్కి నెట్టి పాట ఆపలేదు. పాట అయ్యేదాకా అలాగే వంగి ఉండిపోయాడు.

“కుర్చీ పోనాదమ్మా,” అన్నాడు చివరికి.

“తెలుసు సార్.”

“తీర్పు,” అంది యంత్రం. “నిండు, కరుగు. రెండింటిలో ఒకటి.”

“వన్స్‌మోర్,” అంది హిమజ.

యంత్రం ఆ మాట కోసం వెతుకుతూ ఉండిపోయింది. రేవులో సాయంత్రం కూత మోగింది. బిళ్ళ కరగలేదు, నిండుగానూ వెళ్ళలేదు, పళ్ళెంలో గట్టిగా మెరుస్తూ ఉంది. తీర్పు లేనిదే సాయంత్రపు ధార కదలదు. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు మీద జనం ఒక్కొక్కరే నడక ఆపి చెవులు తడుముకుంటున్నారు.

సన్యాసి మెట్లన్నీ పరిగెత్తి పైకి వచ్చాడు. “ఊరంతా ధార ఆగిపోనాది. ఏటి చేసావే?”

హిమజ పక్కకి జరిగి కుర్చీలో అతనికి చోటిచ్చింది.

“కూర్చో. నాలుగో పాటలో నీటిచుక్కలున్నాయి. ఉన్నాయో లేవో ఇద్దరం విని తేల్చుకుందాం,” అని మళ్ళీ మీట లాగింది.